కుక్కకు వాకింగా, ఇంట్లో ముక్కుకు పనా? ఏ రోజు ఏది ఎంచుకోవాలి

ఏప్రిల్ వచ్చిందంటే కుక్కలున్న ఇళ్లన్నింట్లో ఒకటే టెన్షన్. పొద్దున ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. రాత్రి ఎనిమిదైనా రోడ్డు సెగ కక్కుతూనే ఉంటుంది. జూలై వస్తే వానలు, బురద. ఇవి కాక నైట్ షిఫ్టులు, పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు, గేటు దాటగానే మీదికొచ్చే వీధికుక్కల గుంపు. దీనికి పరిష్కారమంటూ ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది: కుక్క ముక్కుకు పావుగంట పని పెడితే, అంటే వాసన పట్టి తిండి వెతికే ఆట ఆడిస్తే, గంట వాకింగ్‌తో సమానమని.

ఆ లెక్క నమ్మి వాకింగ్ పూర్తిగా మానేసిన ఇళ్లు నాకు తెలుసు. ఇంట్లో ఆటలేమిటి, కుక్కంటే నడవాల్సిందే అని మే నెలలో పగ్‌ను ఎండలో ఈడ్చుకెళ్లేవాళ్లూ తెలుసు. రెండిట్లోనూ నష్టపోయేది కుక్కే. కాబట్టి ఏ పద్ధతి కుక్కకు ఏమిస్తుందో, ఏమివ్వదో విడివిడిగా చూసి, ఎవరి ఇంటికి ఏది సరిపోతుందో చెప్తాను.

ముందు వాకింగ్‌లో ఏముందో చూద్దాం. మనం ఒక్క పేరుతో పిలుస్తున్నాం గానీ అందులో నాలుగు పనులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఒంటికీ రెంటికీ వెళ్లడం. రెండు, కాళ్లకూ కీళ్లకూ కదలిక. మూడు, వాసనలు. నాలుగు, మనుషుల్నీ బళ్లనీ తోటి కుక్కల్నీ చూసి లోకానికి అలవాటు పడటం. ఇంట్లో పెట్టే మెదడు ఆటలు మూడోదాన్ని చాలావరకు భర్తీ చేస్తాయి. రెండోదాన్ని కొంచెం చేస్తాయి. మొదటిదాన్నీ నాలుగోదాన్నీ చేయవు. మీ ఇంట్లో వాకింగ్ ఆగిపోతే ఈ నాలుగింట్లో మీ కుక్కకు ఏది ఎక్కువ లోటవుతుందో ముందు చూసుకోండి. ఏ ఆట కొనాలి, ఎంతసేపు ఆడించాలి అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం (1960) 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ గొలుసుతో కట్టేసో ఇరుకుచోట మూసిపెట్టో ఉంచే కుక్కకు యజమాని తగినంత వ్యాయామం చేయించకపోతే అది నేరం. రోజంతా బాల్కనీలో ఉంచి సాయంత్రం ఒక లిక్ మ్యాట్ (తిండి రాసి నాకడానికి ఇచ్చే చాప) ముందు పెడితే ఆ బాధ్యత తీరిపోదు.

వేగంగా నడిపించడమా, వాసన చూడనివ్వడమా

చాలామంది 'ఆట లేదా వాకింగ్' అని రెండే దారులు చూస్తారు. వాకింగ్‌లోనే రెండు రకాలున్నాయన్న సంగతి మర్చిపోతారు. మనం నడిచే వేగంతో, లీష్ దగ్గరగా పట్టుకుని, ఆగినప్పుడల్లా 'పద పద' అని లాగుతూ చేసేది ఒక రకం. పొడవాటి లీష్ వేసి, కుక్క ఎటు తిరిగితే అటు వెళ్తూ, అది ఆగితే మనమూ ఆగడం రెండో రకం. నా ఓటు రెండోదానికే. వేగంగా నడిపించిన గంట కన్నా ఇలా వదిలేసిన ఇరవై నిమిషాల తర్వాతే కుక్క ఎక్కువ కుదురుగా ఉంటుందని నా గట్టి నమ్మకం.

మా కుక్క రాణి ఇండీ, అంటే మన దేశీ కుక్క. మా వీధి మలుపులో ఒక కరెంటు స్తంభం ఉంది. దాని దగ్గర ఆగిందంటే ముందు అడుగుభాగాన్ని పైపైన చూస్తుంది. తర్వాత ఒక చోట ముక్కు ఆనించి చకచకా పీల్చడం మొదలుపెడుతుంది. చెవులు వెనక్కి వాలతాయి, తోక కదలదు. మధ్యలో బండి హారన్ కొట్టినా తలెత్తదు. కాసేపటికి ఒక పెద్ద ఊపిరి వదిలి, స్తంభం చుట్టూ తిరిగి అవతలి వైపు మొదలుపెడుతుంది. పక్కన నిలబడి చూస్తే అది కాలక్షేపానికి ఆగలేదని తెలిసిపోతుంది. ముందురోజు రాత్రి నుంచి ఆ దారిన ఏ ఏ కుక్కలు వెళ్లాయో ఆరా తీస్తోంది.

ఆ ముక్కు కట్టుబడే అలాంటిది. వాసన పట్టే కణాలు మనిషికి అరకోటి పైచిలుకు ఉంటే కుక్కకు, జాతిని బట్టి, ఇరవై కోట్ల పైమాటే అంటారు. వాసన చూసేటప్పుడు సెకనుకు ఐదుసార్ల దాకా గాలి పీలుస్తుంది. వదిలే గాలిని ముక్కు పక్కనున్న చీలికల్లోంచి బయటికి పంపుతుంది కాబట్టి ఎదుట ఉన్న వాసన చెదిరిపోదు. 2019లో షార్లెట్ డురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ ఒక ప్రయోగం చేశారు. 20 పెంపుడు కుక్కల్లో కొన్నింటికి రెండు వారాలపాటు వాసనతో వెతికే ఆట, మిగతావాటికి యజమాని పక్కన బుద్ధిగా నడిచే శిక్షణ ఇచ్చారు. తర్వాత ఒక గిన్నెను, అందులో తిండి ఉందో లేదో తెలియని చోట పెట్టి చూస్తే, వాసన ఆట ఆడిన కుక్కలు ముందుకన్నా చురుగ్గా, ఆశగా దాని దగ్గరికి వెళ్లాయి. రెండో గుంపులో ఆ మార్పు రాలేదు. ఇరవై కుక్కలంటే చిన్న ప్రయోగమే. అయినా కుక్కల్ని దగ్గరగా గమనించేవాళ్లకు అందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఒక జాగ్రత్త. పొదల్లో ముక్కు పెట్టే కుక్కకు పిడుదులు పడతాయి. వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర మామూలు జబ్బు, ప్రాణం మీదికీ తెస్తుంది. ఇంటికి రాగానే చెవుల వెనక, వేళ్ల సందుల్లో, తోక కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. పిడుదుల మందు తేదీ దాటనివ్వకండి.

ఎండ విషయంలో మాత్రం ఏ రకం వాకింగ్‌కూ మినహాయింపు లేదు. గాలిలో వేడి 25 డిగ్రీలున్నప్పుడే ఎండలో ఉన్న తారు 50 డిగ్రీలు దాటగలదు. ఇక రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల గురించి చెప్పేదేముంది! అరచేతి వెనకభాగం రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకూ పనికిరాదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాన్. పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఆ రొప్పడం కూడా సరిగ్గా సాగదు. వేసవిలో వీటిని తెల్లవారుజామున టాయిలెట్‌కు తీసుకెళ్లి వెంటనే లోపలికి తెచ్చేయడమే మంచిది. మిగతాదంతా ఇంట్లోనే.

ఇంట్లో ఆటల్లో ఏది మేలు

ఆన్‌లైన్‌లో చూస్తే వందల రకాలు కనిపిస్తాయి. నా వరకు వరుస ఇది: అన్నిటికన్నా ముందు వెతికే ఆట, దాని తర్వాత నేర్పే ఆట, తర్వాత నమలడం, నాకడం, ఆఖర్న కొనుక్కొచ్చే పజిల్ బొమ్మలు. చాలా ఇళ్లలో డబ్బు ఖర్చయ్యేది సరిగ్గా దీనికి తలకిందులుగా.

వెతికే ఆటకు పైసా అక్కర్లేదు. రోజూ గిన్నెలో వేసే డ్రై ఫుడ్‌లోంచే ఓ గుప్పెడు తీసుకుని పాత టవల్ మీద చల్లి, చాపలా చుట్టి ఇవ్వండి. మొదట్లో వదులుగా చుట్టాలి. రాణికి మొదటిసారి ఇచ్చినప్పుడు కాలితో గీకింది, పళ్లతో పట్టి విదిలించింది. నాలుగు గింజలు రాలాయి. తర్వాత దానంతటదే నేర్చుకుంది. ఇప్పుడైతే టవల్ అంచు కింద ముక్కు దూర్చి ముందుకు తోస్తూ, మడత విప్పుకుంటూ వెళ్తుంది. ప్రతి మడత దగ్గరా ఆ బుసబుస పీల్చే శబ్దం పక్క గదిలోకి వినిపిస్తుంది. అంతా అయ్యాక ఒళ్లు ఓసారి దులుపుకుని, నీళ్లు తాగి, ఫ్యాన్ కింద పక్కకు ఒరుగుతుంది. ఆట సరిపోయిందనడానికి ఇంతకన్నా గుర్తు అక్కర్లేదు.

టవల్ తేలికైపోతే ఇడ్లీ ప్లేటు తీయండి. గుంటల్లో రెండేసి గింజలు వేసి, గుంటకు సరిపోయే బంతులు పైన పెట్టండి. బంతి నోట్లో ఇరుక్కునేంత చిన్నది కాకూడదు. పార్సిళ్లు వచ్చిన అట్టపెట్టెలో కాగితాలు నలిపి వేసి మధ్యలో తిండి దాచవచ్చు. టేపు, పిన్నులు ముందే పీకేయాలి. అట్ట మింగే అలవాటున్న కుక్కకు మాత్రం ఇది వద్దు. ఆ తర్వాత మెట్టు ఇల్లంతా ఆటే. కుక్కను ఒక గదిలో ఉంచి, సోఫా కింద, తలుపు వెనక, కుర్చీ కాలి పక్కన ఉడికించిన చికెన్ ముక్కలు దాచి 'వెతుకు' అని వదలండి. ఇందులో నడక కూడా కలుస్తుంది కాబట్టే దీనికి మొదటి స్థానం ఇస్తాను.

నేర్పే ఆట అంటే రోజుకు రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు. కూర్చో, ఆగు, చెయ్యి ఇవ్వు లాంటివే కాదు. బొమ్మ పేరు చెప్తే తేవడం, గోళ్లు కత్తిరించేటప్పుడు కాలు ఇచ్చి ఉంచడం, మూతికి తొడుగు (మజిల్) వేస్తే తల తిప్పకుండా ఉండటం. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇవన్నీ అక్కరకొస్తాయి. దీని లాభం మీ మధ్య స్నేహం, నష్టం మీ టైమ్. మీరు పక్కన లేకుండా ఇది జరగదు.

నమలడం, నాకడం కుక్కను నెమ్మదింపజేస్తాయి. బయట టపాసులు, ఇంట్లో చుట్టాలు ఉన్న రోజు ఇదే మంచి ఎంపిక. లిక్ మ్యాట్ మీద గట్టి పెరుగు, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ పల్చగా రాసి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే ఎక్కువసేపు వస్తుంది. పెరుగు పడని కుక్కలూ ఉంటాయి, కొంచెంతో మొదలుపెట్టండి. నమలడానికి కాంగ్ లాంటి గట్టి రబ్బరు బొమ్మలో తిండి కూరి ఇవ్వొచ్చు. 1970లలో అమెరికాలో జో మార్కమ్ అనే ఆయన, తన కుక్క రాళ్లు కొరికి పళ్లు పాడు చేసుకుంటుంటే, ఫోక్స్‌వ్యాగన్ బండిలోని ఒక రబ్బరు భాగాన్ని అది ఇష్టంగా నమలడం చూసి ఆ బొమ్మను తయారుచేశాడు. మీ కుక్క సైజుకు తగ్గది, అది తుంచలేనిది ఎంచుకోండి. కూరలో ఉడికిన ఎముక మాత్రం ఎంత మురిపెంగా అడిగినా ఇవ్వకూడదు. ఉడికిన ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఇక పజిల్ బొమ్మలు. మూత జరిపితే, మీట నొక్కితే తిండి కనబడేవి. మంచివే గానీ తెలివైన కుక్క వారంలో కిటుకు పట్టేస్తుంది. తర్వాత అది వేరే రకం గిన్నె, అంతే. కొనాల్సి వస్తే కష్టాన్ని పెంచుకునే వీలున్నది కొనండి. ఇంట్లో కుక్కలున్న స్నేహితులు ఇద్దరు ముగ్గురుంటే మార్చుకుంటూ వాడుకోవడం ఇంకా నయం.

తాడు లాగే ఆట గురించి ఒక మాట. కుక్కను గెలవనిస్తే నెత్తికెక్కుతుందని మన పెద్దవాళ్లు గట్టిగా అంటారు. 2002లో బ్రిటన్‌లో రూనీ, బ్రాడ్‌షా 14 గోల్డెన్ రిట్రీవర్లతో ఈ ఆట ఆడించి చూశారు. గెలవనిచ్చినా ఓడించినా అవి మనిషి మీద పెత్తనం పెంచుకోలేదు. వాన రోజుల్లో కండలకు పని కావాలంటే ఇది నిక్షేపంగా ఆడొచ్చు. నున్నటి టైల్స్ మీద వద్దు, కాళ్లు జారి కీళ్లు దెబ్బతింటాయి. చాప పరవండి, లేదా టెర్రస్ మీద పిట్టగోడ ఎత్తు చూసుకుని చల్లపూట ఆడండి. పదే పదే బంతి విసిరి పరుగెత్తించడం నాకు నచ్చదు. కుక్క అలసిపోతుంది గానీ నెమ్మదించదు, ఇంకా విసరమని రొప్పుతూ నిలబడుతుంది.

డబ్బిచ్చి తిప్పించుకోవడం

వాచ్‌మన్‌కో డాగ్ వాకర్‌కో అప్పగించడం కూడా ఒక దారే. నడవలేని పెద్దవాళ్లున్న ఇంట్లో ఇదే అసలైన దారి. ఎవరికిచ్చినా మూడు షరతులు పెట్టండి. మెడ బెల్ట్‌కు బదులు హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) వాడాలి. నాలుగు కుక్కల్ని ఒకేసారి తిప్పకూడదు. వాసన చూస్తుంటే లాగకూడదు. మొదటి వారం మీరూ వెంట వెళ్లి చూడండి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ ఉంది. వారానికోసారి లీష్ లేకుండా పరుగెత్తడానికి అలాంటి చోటు బాగుంటుంది. కొత్త కుక్కలంటే భయపడే కుక్కకు మాత్రం అది శిక్షే. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ వాడనివ్వడం లేదనే కారణంతో వాకింగ్ తగ్గించినవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. పెంపుడు కుక్కల్ని, వాటితో లిఫ్ట్ వాడటాన్ని సొసైటీలు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ కాగితం ప్రింట్ తీసి కమిటీకి మర్యాదగా ఇవ్వండి.

ఏ కుక్కకు ఏది

టీకాలు పూర్తికాని పిల్ల విషయంలో ఇంటి ఆటలదే పైచేయి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలయ్యే టీకాల వరుస పదహారు వారాల దాకా సాగుతుంది. అప్పటివరకు వీధి నేల మీద దింపితే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం. అలాగని నాలుగు గోడల మధ్యే పెంచితే ఇంకో నష్టం. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్యే పిల్ల లోకానికి అలవాటు పడుతుంది. ఆ వయసులో ఆటోలు, కుక్కర్ విజిల్, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఎరగని పిల్ల పెద్దయ్యాక వాటన్నిటికీ మొరుగుతుంది. అందుకే ఎత్తుకుని బయటికి తీసుకెళ్లండి, చూడనివ్వండి, వాసన చూడనివ్వండి, కింద మాత్రం దించకండి.

ముసలి కుక్కకు, ముఖ్యంగా కీళ్ల నొప్పులున్నదానికి, వాకింగ్ ఆపేయడమే తప్పు. కదలకపోతే కండ కరిగి నొప్పి పెరుగుతుంది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మెత్తటి నేల మీద, దాని వేగంతో. మిగతా టైమ్‌కు టవల్ ఆట. నిన్నటిదాకా ఉత్సాహంగా వచ్చిన కుక్క ఉన్నట్టుండి మొరాయిస్తే బద్ధకం అనుకోవద్దు, డాక్టర్‌కు చూపించండి.

ఆపరేషన్ అయిన కుక్కకు, ఉదాహరణకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన తర్వాత పది నుంచి పద్నాలుగు రోజులు, గంతులు పనికిరావు. అప్పుడు లిక్ మ్యాట్, కూర్చున్న చోటే వెతికే ఆట రక్షిస్తాయి. తోటి కుక్కల్ని చూస్తే రెచ్చిపోయే కుక్కకు రోజూ వీధిలో గొడవ పడుతూ నడవడం కన్నా వారంలో కొన్ని రోజులు ఇంట్లో ఉండి కుదుటపడటం మేలు. మిగతా రోజుల్లో జనం లేని వేళ చూసి తీసుకెళ్లండి. వాకింగ్ పూర్తిగా మానేస్తే దాని భయం అలాగే మిగిలిపోతుంది.

జర్మన్ షెపర్డ్, హస్కీ, బీగిల్, వయసులో ఉన్న లాబ్రడార్. వీటికి ఆటలొక్కటే సరిపోవని ఖచ్చితంగా చెప్పగలను. వానకు రెండు రోజులు ఆగితే ఫరవాలేదు. వారాల తరబడి ఆటలతో నెట్టుకొస్తే సోఫా చిరుగుతుంది, అరుపులు మొదలవుతాయి. లాబ్రడార్‌కు తిండితో ఆడే ఆటల్లో ఇంకో చిక్కు. వీటిలో సుమారు నాలుగో వంతుకు ఆకలి తీరిందని తెలియజేసే పీఓఎంసీ జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుక్కున్నారు. ఎంత పెట్టినా ఇంకా అడిగే కుక్కకు ఆటలో వాడే తిండి రోజు కోటాలోంచే తీయాలి, పైన కలపకూడదు.

ఇండీల సంగతి వేరే. చాలావాటికి ఇంట్లో మూత్రం పోయడం చచ్చినా ఇష్టముండదు. ఎంత వానైనా బిగబట్టుకుని కూర్చుంటాయి. ఆటలెన్ని ఆడించినా వీటిని రోజుకు కనీసం మూడుసార్లు కిందికి దించాల్సిందే, ఐదేసి నిమిషాలకైనా సరే.

కొన్ని హెచ్చరికలు అందరికీ. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ అనే తీపి కలిపిన పీనట్ బటర్ కుక్కకు విషం. మన ఇళ్లలో మిగిలిన కూరన్నమంతా ఉల్లిపాయలమయమే కాబట్టి ఆటల్లోకి దాన్ని వాడొద్దు. రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో ఆడించండి. తిండి ఆట ఆడుతున్న కుక్క దగ్గరికి చిన్నపిల్లల్ని వెళ్లనివ్వకండి. ఆట మధ్యలో కుక్క మొరుగుతున్నా, బొమ్మను కొరుకుతున్నా, వదిలేసి వెళ్లిపోతున్నా అది బద్ధకమో మొండితనమో అనుకోవద్దు. ఆట దానికి కష్టంగా ఉంది, ఒక మెట్టు తగ్గించండి.

మామూలు ఆరోగ్యంగా ఉన్న కుక్క, అపార్ట్‌మెంట్, ఉద్యోగాలు చేసే ఇద్దరు. మే నెల. నన్నడిగితే రోజు ఇలా వేస్తాను. తెల్లవారుజామున ఐదున్నరకు ఇరవై, పాతిక నిమిషాలు వాసన నడక. పొద్దుటి తిండిలో సగం టవల్‌లోనో అట్టపెట్టెలోనో. మధ్యాహ్నం ఎవరైనా ఇంట్లో ఉంటే ఒక్కసారి కిందికి, నీడలోనే. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఐదు నిమిషాలు నేర్పే ఆట. ఎనిమిదిన్నర దాటాక, రోడ్డు మీద చెయ్యి పెట్టి చూసి, ఇంకో నడక. వేడి తగ్గకపోతే మట్టి ఉన్న చోట టాయిలెట్ మాత్రం చేయించి, ఇల్లంతా వెతికే ఆట. రాత్రి పడుకునే ముందు గడ్డకట్టిన లిక్ మ్యాట్. జూన్‌లో తొలకరి పడి నేల చల్లబడగానే ఆటలు తగ్గించి నడక పెంచండి.